చిన్న జూకు ఎన్ని మార్కులు?

ప్రవాసంలో ఉన్నవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. కనబడిన ప్రతిదానికీ మార్కులు వేయడం. ఇక్కడి రోడ్డుకు తొమ్మిది, అక్కడి రోడ్డుకు మూడు. ఇక్కడి గ్రంథాలయానికి పది, అక్కడిదానికి రెండు. మనల్ని ఎవరూ పరీక్షాధికారిగా నియమించలేదు, అయినా దిద్దుతూనే ఉంటాం. న్యూజెర్సీకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది కనుక నాలో ఈ జబ్బు బాగా ముదిరిందనే చెప్పాలి. అది ముదిరిన సంగతి నాకు ఒక జంతుప్రదర్శనశాలలో తెలిసింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

మొన్న అక్టోబరులో ఒక శనివారం పిల్లలిద్దరినీ తీసుకుని వెస్ట్ ఆరెంజ్‌లోని టర్టిల్ బ్యాక్ జూకు వెళ్ళాను. ఎడిసన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళలో చిన్నపిల్లలు ఉన్న వారందరికీ ఇది పరిచయమైన చోటే. తాబేలు వీపులా కనబడే ఒక రాతిబండ దగ్గరి అడవిలో ఉంది, దాని పేరే ఈ జూకు వచ్చింది. విస్తీర్ణం సుమారు ఇరవై ఎకరాలు. న్యూయార్కులోని బ్రాంక్స్ జూ 265 ఎకరాలు, మన హైదరాబాదు నెహ్రూ జూలాజికల్ పార్కు 380 ఎకరాలు. ఆ లెక్కన ఇది పెరటితోట. మధ్యాహ్నం భోజనం వేళకు అంతా తిరిగేయవచ్చు.

మా ఏడేళ్ళవాడు హఠాత్తుగా అడిగాడు: "నాన్నా, మీ ఊళ్ళో జూ ఉందా?"

"ఉందిరా, చిన్నది," అన్నాను. అన్న తరువాత నవ్వాను. ఆ నవ్వు ఎందుకొచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. ఇంతలో మా అమ్మాయి అందుకుంది. "నాకు గుర్తుంది. పెద్ద చెట్టు ఉంటుంది. అక్కడ జింకకి నేను బిస్కట్ పెట్టాను!"

ఆమె గర్వంగానే చెప్పింది. నాకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. పదేళ్ళ కిందట, 2016 జనవరిలో, మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో ఆ బిస్కట్ పొట్లం విప్పి ఆమె చేతికి ఇచ్చినవాడిని నేనే.

పిల్లలమర్రి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. అన్నట్టు మా ఆవిడది దేవరకొండ వైపు. నల్లగొండ వాళ్ళకు పిల్లలమర్రి అంటే సూర్యాపేట పక్కన కాకతీయుల కాలపు గుడులున్న ఊరు. పాలమూరు వాళ్ళకు మాత్రం ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని మర్రిచెట్టు. పెళ్ళయిన కొత్తలో ఈ విషయం మీద మా ఇద్దరికీ చిన్న యుద్ధమే జరిగింది. ఏడు వందల ఏళ్ళ చెట్టని చెబుతారు. ఊడలు దిగి, అవే కాండాలై, సుమారు మూడెకరాల మేర పరుచుకుంది. తల్లి మొదలు ఏదో, పిల్ల ఏదో పోల్చుకోలేం. దాని నీడలో ఒక దర్గా ఉంది. పక్కనే శ్రీశైలం ముంపు ప్రాంతం నుంచి రాయి రాయిగా తరలించి తిరిగి కట్టిన ఆలయం, శిల్పాలతో ఒక ప్రదర్శనశాల ఉన్నాయి. వాటి సరసనే జింకల పార్కు.

2016లో సెలవు మీద వెళ్ళినపుడు నేను ఆ జింకల పార్కును 'తనిఖీ' చేశాను. వేరే మాట వాడితే అబద్ధమవుతుంది. కంచె ఎత్తు చూశాను, ఎన్ని రకాల జంతువులున్నాయో లెక్కపెట్టాను, టర్టిల్ బ్యాక్‌తో పోల్చుకున్నాను, మనసులో మార్కులు వేసుకున్నాను. తక్కువే వేశాను. అంత తనిఖీ చేసిన పెద్దమనిషి చివరికి చేసిన పని ఏమిటి? పక్కనున్న పది కుటుంబాలు చేస్తున్న పనే. కంచె సందులోంచి చుక్కల జింకకు తీపి బిస్కట్.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38జె అనే సెక్షన్ ఉంది. జూలోని జంతువును ఏడిపించడం, గాయపరచడం, అరుపులతో బెదరగొట్టడం, దానికి తిండి పెట్టడం అన్నీ ఆ ఒక్క సెక్షన్ కింద నేరాలే. తిండి పెట్టడాన్ని గాయపరచడంతో ఒకే వరుసలో ఎందుకు చేర్చారా అని చట్టం తెలియనివాడు ఆశ్చర్యపోవచ్చు. జింక నెమరువేసే జంతువు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆకుకూ గడ్డికీ అలవాటు పడినవి. పిండీ చక్కెరా ఒక్కసారిగా ఎక్కువైతే లోపల పులిసి ఆమ్లం పెరుగుతుంది. జంతువు మేత మానేస్తుంది, ఒక్కోసారి చనిపోతుంది. బిస్కట్‌తోపాటు దాని కవరు కూడా లోపలికి పోతే అది మరీ ప్రమాదం. పశువులున్న ఇంట్లో పుట్టిన నాకు ఈ విషయం తెలియకపోలేదు. గింజల బస్తాలో మూతి పెట్టిన గేదె పొట్ట ఉబ్బి విలవిలలాడటం చిన్నప్పుడే చూశాను. పైగా న్యూజెర్సీలో ఏ కంచె దగ్గరా నేను బిస్కట్ పొట్లం విప్పలేదు. ఇక్కడ బోర్డు చదివితే చేయి ఆగుతుంది, అక్కడ ఆగదు. ఆ తేడా జూది కాదు, నాది.

ఇక ఆ నవ్వు సంగతి. 'చిన్నది' అన్నపుడు నా మనసులో ఉన్న అర్థం 'తక్కువది' అని. జూను కొలిచేందుకు నేను పట్టుకున్న కొలబద్ద జంతువుల సంఖ్య. పులి ఉందా? జిరాఫీ ఉందా? లేకపోతే అది జూ ఏమిటి? ఈ కొలబద్ద తప్పని చూపడానికి దూరం పోనక్కరలేదు, నేను నిలబడిన చోటే చాలు.

టర్టిల్ బ్యాక్ జూ 1963లో తెరిచారు. మన నెహ్రూ జూ కూడా అదే ఏడాది అక్టోబరులో తెరిచారు. ఇంత వయసున్న జూ 1990లలో నిధులు లేక మూసివేత అంచుదాకా వెళ్ళింది. జనం అడ్డుపడి నిలబెట్టుకున్నారు. అమెరికా జూల సంఘం గుర్తింపు దానికి దక్కింది 2006లో, అంటే నలభై మూడేళ్ళకు. ఆ గుర్తింపు కూడా శాశ్వతం కాదు. అయిదేళ్ళకోసారి మళ్ళీ తనిఖీకి నిలబడాలి. నేను చూసి మురిసిపోయిన జూ ఇలా పడి లేచినదే. దాని చరిత్రలో చివరి ఇరవై ఏళ్ళను తెచ్చి మరొక దాని పక్కన పెట్టి మార్కులు వేయడం న్యాయం కాదు.

పెద్ద జూలైతే మర్యాదగలవా అంటే అదీ చెప్పలేం. బ్రాంక్స్ జూ ప్రపంచ ప్రసిద్ధమైనది. 1906లో అదే జూ కాంగో నుంచి తెచ్చిన ఓటా బెంగా అనే యువకుణ్ణి కోతుల గృహంలో ప్రదర్శనకు పెట్టింది. ఆ జూను నడిపే సంస్థ అందుకు క్షమాపణ చెప్పింది 2020లో. 265 ఎకరాల స్థలం ఆ పాపానికి అడ్డురాలేదు.

అయితే చిన్న జూను దేనితో కొలవాలి? ఇంగ్లండులో 1979లో పెంపుడు పశువుల కోసం అయిదు స్వేచ్ఛలను సూత్రీకరించారు. ఆకలిదప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పీ రోగాల నుంచి, భయం నుంచి విముక్తి. సహజమైన నడవడికకు వీలు. తరువాత జూలకూ వీటినే వర్తింపజేశారు. పాలమూరు ఎండకు, మన జంతువులకు వీటిని అనువదించుకుంటే నాకు నాలుగు ప్రశ్నలు తోచాయి.

మొదటిది నీడ. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు, నలభై డిగ్రీలు దాటిన ఎండలో, మందలోని ప్రతి జంతువుకూ ఒకేసారి నీడ దొరుకుతుందా? బలమైన మగది నీడను ఆక్రమిస్తే బలహీనమైనది ఎక్కడ నిలబడుతుంది? రెండవది దాపు. జింక ఈనిన తరువాత పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుంది, పాలివ్వడానికి మాత్రమే తిరిగి వస్తుంది. నున్నగా ఊడ్చిన ఆవరణ చూసేవాళ్ళకు శుభ్రం, ఆ తల్లికి నరకం. మూడవది తోడు. చుక్కల జింక మందలో బతికే ప్రాణి. ఒంటరి జింకను చూపించడం జింకను చూపించడం కాదు. నాలుగవది నిశ్శబ్దం. జింకజాతికి భయమే ఒక రోగం. తరిమి పట్టుకుంటే ఒంటిమీద గాయమే లేకుండా, కేవలం ఆ భయానికీ పెనుగులాటకూ కండరాలు దెబ్బతిని, కొన్ని రోజుల తరువాత కూడా చనిపోవచ్చు. కంచెకు నాలుగు వైపులా జనం నిలబడి ఈలలు వేస్తుంటే అది ఎటు తిరగాలి?

గమనించండి, ఈ నాలుగింటిలో ఒక్కదానికీ కోట్లు అక్కరలేదు. చెట్లు, ఎత్తుగా పెరగనిచ్చిన గడ్డి, సరిపడా మంద, ఒక వైపు మాత్రమే జనం నిలబడే ఏర్పాటు, వీటన్నిటినీ రోజూ కనిపెట్టి ఉండే ఒక మనిషి. చిన్న జూకు ఇవి సాధ్యమే. పైగా చిన్నది కావడమే వీలు, ఎందుకంటే తక్కువ ప్రాణులను పేరు పేరునా ఎరిగి ఉండవచ్చు. చిన్న జూ చెడిపోయేది పెద్ద జూను అనుకరించబోయినపుడు. ఇంకో కోతి, ఇంకో మొసలి, ఇంకో పక్షుల పంజరం చేర్చుకుంటూ పోతే దేనికీ చోటు చాలదు. మన దేశంలో 1992లో ఏర్పడిన కేంద్ర జూ ప్రాధికార సంస్థ గుర్తింపు లేకుండా ఏ జూనూ నడపరాదు. చిన్న జూలనూ అతిచిన్న జూలనూ కూడా అది తన లెక్కలో ఉంచుకుంటుంది. అంటే చిన్నగా ఉండటం లోపమని చట్టం కూడా అనడం లేదు.

ఇంతవరకూ చెప్పినది జంతువు తరఫున. మనిషి తరఫు వాదన నాకు మా చిన్నాయన నేర్పాడు.

మా ఊరు మక్తల్ వైపు, రాయచూరు దారిలో. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2019 నుంచి నారాయణపేట జిల్లా. కృష్ణ ఒడ్డున విశాలమైన నల్లరేగడి బయళ్ళు. అవి కృష్ణజింకల తావు. చుక్కల జింకకు చెట్లనీడ కావాలి, కృష్ణజింకకు కనుచూపు మేర బయలు కావాలి. ప్రమాదాన్ని దూరం నుంచే చూసి పరుగెత్తి తప్పించుకోవడం దాని విద్య. బీడులన్నీ చేలైపోయాక అవి చేలలోనే మేస్తున్నాయి. 2016లో ఆ సెలవులోనే మా చిన్నాయనతో పొలానికి వెళ్ళినపుడు ఒక గుంపు కనబడింది. నల్లటి వీపు, మెలి తిరిగిన కొమ్ములు, ఆ గెంతు... నేను కెమెరా తీసి "ఎంత బాగున్నయి చిన్నాయనా!" అన్నాను.

ఆయన తలపాగా సర్దుకుని అన్నాడు: "బాగనే ఉంటయి బిడ్డా. మీరు పైసలిచ్చి సూస్తరు. మాకు గూడ అవి ఉత్తగ గనబడ్తలేవు. పంట పెట్టి కొనుక్కుంటున్నం."

ఆ వానకాలం వేసిన చేనులో మొలకలు రెండుసార్లు మేసిపోయాయట. కృష్ణజింక చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. వేటాడితే కనీసం మూడేళ్ళ జైలు. రైతు దాన్ని కొట్టలేడు, ఆపలేడు. రాత్రంతా చేలో డబ్బా కొట్టుకుంటూ కూర్చోవాలి. అలా కూర్చునేవాడికి 'జింక మన తెలంగాణ రాష్ట్ర జంతువు' అని బోర్డు రాసి చూపిస్తే ఏం లాభం? రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఇది వేరే జాతి అని వివరించినా ఆయనకు ఒరిగేది లేదు.

మహబూబ్‌నగర్‌లో ఒక జూ ఎందుకుండాలన్న ప్రశ్నకు నాకు సమాధానం ఇక్కడ దొరికింది. అది ఆఫ్రికా జంతువులను చూపించడానికి కాదు. అందుకు హైదరాబాదు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఈ నేల మీద మనిషీ జంతువూ ఒకే చేను కోసం ఎలా పెనుగులాడుతున్నారో చెప్పడానికి ఉండాలి. కృష్ణజింక ఎందుకు చేలోకి వస్తోంది, ఒకప్పటి బీడు ఏమైంది, ఏ కంచె పనిచేస్తుంది, పంట నష్టానికి దరఖాస్తు ఎవరికి పెట్టుకోవాలి, బావిలో పడిన జింకను చూసిన పిల్లవాడు ఎవరికి కబురు చేయాలి — ఇవన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో, రైతుబిడ్డకు అర్థమయ్యేలా రాసి ఉండాలి. దక్షిణాన నల్లమల ఉంది. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాల అడవి ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడి చెంచుల కంటే జంతువుల నడక తెలిసినవారెవరు? వారిలో ఇద్దరు ముగ్గురు వచ్చి వారానికోసారి పిల్లలకు అడుగుజాడలు గుర్తుపట్టడం నేర్పితే, ఆ జూకు ఉన్న విలువ టర్టిల్ బ్యాక్‌కు కూడా ఉండదు.

జూలే వద్దు, మూసేయండి అనేవాళ్ళున్నారు. వాళ్ళ వాదనను నేను తేలికగా తీసుకోను. కంచె ఎంత విశాలమైనదైనా కంచే. కాని కంచెలో పుట్టి పెరిగిన జింకను తీసుకెళ్ళి అడవిలో వదలడం అంత తేలిక పని కాదు. మేత వెతుక్కోవడం, చిరుతకు బెదరడం అలవాటు లేని ప్రాణి అది. మూసేసిన జూలోని జంతువు మరో జూకే పోతుంది. గాయపడి దొరికిన వాటికీ ఎక్కడో ఒకచోట ఆశ్రయం కావాలి. ఇంకొక మాట: నల్లమలలో సఫారీ జీపు ఎక్కగలిగినవాడు జూ వద్దనవచ్చు. తల్లిదండ్రులు పూణె, ముంబై పనులకు వలసపోతే అవ్వ దగ్గర ఉండి చదువుకునే పాలమూరు పిల్లవాడికి, బడి తరఫున ఒక్కరోజు వచ్చే పిల్లలమర్రే అడవి. దాన్ని తీసేయడానికి నాకు మనసొప్పదు. దాన్ని నిజాయితీగా ఉంచాలని మాత్రం అడుగుతాను. కొత్త జంతువులను చేర్చడం ఆపి, ఉన్నవాటిని ఈ నేలకు చెందినవాటికే పరిమితం చేసి, మంద స్థలాన్ని మించకుండా చూసుకోవాలి.

ఇది కలలా అనిపిస్తే, అదే ఆవరణలో జరిగిన ఒక నిజం చెబుతాను. 2017 డిసెంబరులో పిల్లలమర్రి మహావృక్షం కొమ్మ ఒకటి కూలింది. చెదలు లోపలంతా తినేశాయని తేలింది. ఏం చేశారు? సందర్శకులను చెట్టు దగ్గరకు రాకుండా ఆపేశారు. 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైను పెట్టినట్టు, సీసాలు వేలాడదీసి, సన్నని గొట్టాలతో చెదల మందును చుక్కచుక్కగా కొమ్మల్లోకి ఎక్కించారు. బరువైన కొమ్మలకు ఊతంగా స్తంభాలు కట్టారు. దిగుతున్న ఊడలను గొట్టాలలోంచి నేలకు చేర్చారు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన వారిలో కొందరు ఆ చెట్టును చూడటానికి వచ్చారు.

ఊయలలూగే పిల్లలను, చెట్టు మీద పేర్లు చెక్కే ప్రేమికులను, కొమ్మలెక్కి ఫొటోలు దిగే నాబోటివాళ్ళను ఒక చెట్టు కోసం ఆపగలిగారు. జనం కూడా మొత్తానికి అర్థం చేసుకున్నారు. దూరం నుంచి చూడటం కూడా చూడటమేనని ఒప్పుకున్నారు. చెట్టు విషయంలో ఇంత ఓర్పు చూపిన జిల్లాకు, ఆ చెట్టు పక్కనున్న జింకల విషయంలో అదే ఓర్పు అసాధ్యమని నేను నమ్మను.

చివరిగా ఒక సందేహం మిగిలింది. మార్కులు వేసే హక్కు నాకుందా? పాలమూరు మనిషి వలసకు కొత్త కాదు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసింది మా జిల్లా వాళ్ళే. వాళ్ళు తట్టా పారా పట్టుకుపోయారు, నేను ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాను, వలస వలసే. వాళ్ళు తిరిగొచ్చినపుడు ఊరికి మార్కులు వేయలేదు. ఇల్లు కప్పుకున్నారు, బావి పూడిక తీశారు. నేను తిరిగి వెళ్ళినపుడు చేసింది తనిఖీ.

కాబట్టి ఆ శనివారం ఇంటికి వస్తూ కారులో మా అమ్మాయితో చెప్పాను, ఆ బిస్కట్ ఇప్పించడం నా తప్పని, జింకకు అది మంచిది కాదని. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి అక్కడ బోర్డు లేదా?" అని అడిగింది.

"బోర్డు ఉందో లేదో నేను చూడలేదమ్మా," అన్నాను. అది నిజం. కంచె ఎత్తు చూశాను, జంతువుల రకాలు లెక్కపెట్టాను, బోర్డు కోసం మాత్రం చూడలేదు.

వచ్చే వేసవిలో వెళుతున్నాం. మావాడికి ఆ చిన్న జూ చూపిస్తానని మాటిచ్చాను. ఈసారి నాలుగు ప్రశ్నలు రాసుకున్న కాగితం ఒకటి పిల్లల చేతికిస్తాను. బిస్కట్ పొట్లం కారులోనే ఉంటుంది. చూసినదాన్ని తెలుగులో ఒక ఉత్తరంగా రాసి, బాగున్నవాటిని ముందు చెప్పి, అక్కడి అధికారికి ఇచ్చి రావాలని ఉంది. ఆ పైన మక్తల్ వెళ్ళి మా చిన్నాయన చేలో ఒక రాత్రి డబ్బా కొడుతూ కూర్చోవాలి. కృష్ణజింకను పిల్లలు ఆ వైపు నుంచి కూడా చూడాలి కదా.